కార్తెల వారీగా మా పెరట్లో పురుగులు: ప్రాజెక్టు డైరీ

మృగశిర కార్తె, జూన్ 8 తర్వాత

ముందు ప్రాజెక్టు ఏంటో రాసేస్తా. ఖమ్మంలో మా ఇంటి వెనక పెరడు, అందులో కనబడ్డ ప్రతి పురుగునీ పేరు పట్టుకునేంత క్లియర్‌గా ఫొటో తీయాలి, అంతే. ఫొటో అందంగా వస్తే సంతోషమే కానీ అది రెండో సంగతి, ఏ పురుగో, ఏ మొక్క మీద ఏం చేస్తుందో ఫొటో చూస్తే తెలియాలి. పెరడంటే పెద్ద తోటేం కాదు, ఒక మామిడి చెట్టు, కరివేపాకు, నిమ్మ, మందారం, నూరువరహాలు, తులసికోట, నాలుగు వంగ మొక్కలు, గోడ మీదకి పాకిన బొబ్బర్ల తీగ. గేటు బయట దానంతటదే మొలిచిన జిల్లేడుని కూడా లోపలి లెక్కలోనే వేసుకున్నా, దాన్ని వదిలేస్తే సగం సినిమా పోయినట్టే.

మందు కొట్టడం పూర్తిగా బంద్. అమ్మతో ముందే మాట్లాడా, వేపనూనె కూడా వద్దన్నా, వంకాయలు రాకపోతే నీదే బాధ్యత అంది, సరే అన్నా.

పద్ధతి విషయానికొస్తే, నేను పురుగుల వెంట తిరగను, మొక్క దగ్గర నిలబడతా. సీతాకోకచిలుక వెనక కెమెరా పట్టుకుని పరిగెత్తితే దాని వీపు కూడా దొరకదు, అదే అది గుడ్లు పెట్టే మొక్క ఏదో తెలిస్తే అదే వచ్చి మన ముందు వాలుతుంది. చాలా గొంగళి పురుగులు దొరికిన ఆకల్లా తినవు, వాటికి ఒకట్రెండు జాతుల మొక్కలే కావాలి. అందుకే నా నోట్‌బుక్‌లో పేజీలు పురుగుల పేర్లతో లేవు, మొక్కల పేర్లతో ఉన్నయ్. కరివేపాకుకి ఒక పేజీ, జిల్లేడుకి ఒక పేజీ, అట్లా. ఈ సీజన్ అంతా చూసి చెప్తున్నా, మంచి లెన్స్ కంటే ఈ ఒక్క అలవాటే ఎక్కువ పురుగుల్ని చూపించింది.

సామాను: ఫోనుకి తగిలించే క్లిప్ మాక్రో లెన్స్ ఒకటి, పాత డీఎస్‌ఎల్‌ఆర్, 55-250 జూమ్, దాని ముందు బిగించే రేనాక్స్ డీసీఆర్ 250 అనే క్లోజప్ లెన్స్. క్లిప్ లెన్స్‌తో పురుగుకి దాదాపు ఆనుకునేంత దగ్గరకి వెళ్ళాలి, గుడ్లకీ పిండినల్లికీ ప్యూపాలకీ (గొంగళి రెక్కల పురుగుగా మారే ముందు కదలకుండా ఉండే దశ) బాగుంటుంది, కదిలేవాటికి కుదరదు. రేనాక్స్‌తో అయితే 12 సెంటీమీటర్ల దూరం దొరుకుతుంది, తేనెటీగ కూడా భయపడదు. సెట్టింగ్స్ మాన్యువల్‌లో ఒకసారి పెట్టేసి వదిలేశా, షట్టర్ 1/200, ఎఫ్ 11, ఐఎస్ఓ 200, వెలుగంతా ఫ్లాష్‌దే. ఉత్త ఫ్లాష్ కొడితే పెంకు పురుగుల వీపు మీద తెల్లటి మచ్చ పడి అసలు రంగే కనబడదు, అందుకని టీవీ ప్యాకింగ్‌లో వచ్చిన తెల్ల ఫోమ్ షీటుని వంచి లెన్స్ ముందుకి వచ్చేలా రబ్బరు బ్యాండ్లతో కట్టా. ఇంత దగ్గర్లో ఆటోఫోకస్‌ని నమ్ముకోలేం, ఫోకస్ రింగు ఒకచోట పెట్టేసి మనమే ముందుకీ వెనక్కీ ఊగుతూ కన్ను షార్ప్‌గా కనబడ్డ క్షణంలో నొక్కాలి. ఎడమ చేత్తో పురుగున్న కొమ్మని మెల్లిగా పట్టుకుని, అదే చేతి మీద లెన్స్ ఆనించుకుంటే గాలికి కొమ్మ ఊగినా లెన్స్ కూడా దాంతోపాటే ఊగుతుంది కాబట్టి ఫొటో నిలబడుతుంది. ఈ ఒక్క చిట్కా ట్రైపాడ్‌ని మూలన పడేసింది.

ఆరుద్ర కార్తె, జూన్ 22 తర్వాత

రాత్రి వాన గట్టిగా పడింది. పొద్దున్నే మామిడి చెట్టు కింద ఎర్రమట్టిలో ఆరుద్ర పురుగులు! చిన్నప్పుడు అగ్గిపెట్టెల్లో పెట్టుకుని ఆడుకున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వీటికి కాళ్ళు ఎనిమిది, అంటే లెక్క ప్రకారం ఇవి కీటకాలు కావు, సాలీళ్ళ బంధువులు, అయినా నా లిస్టులో పక్క షీట్‌లో ఎక్కించా. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉండి తొలివానలకి పైకొస్తయ్, పిల్లలుగా ఉన్నప్పుడు మిడతల్లాంటి వాటి ఒంటికి అతుక్కుని బతుకుతయ్, పెద్దయ్యాక చిన్న చిన్న పురుగుల్నీ గుడ్లనీ తింటయ్. మిడత ఫొటోని జూమ్ చేసి చూసినప్పుడు రెక్క మొదట్లో ఎర్ర చుక్కలు కనబడితే అవి ఇట్లాంటి పిల్లలే అయ్యుండొచ్చు, ఈసారి చూడండి.

ఫొటో తీసేటప్పుడు వీటితో ఒక చిక్కుంది. ఒళ్ళంతా ఒకటే ఎరుపు కదా, మామూలు ఎక్స్‌పోజర్‌లో ఆ ఎరుపు పొంగిపోయి మఖమల్ లాంటి నూగంతా ఒకే ముద్దలా వస్తుంది. ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుగు సగం చేసి, ఫ్లాష్‌ని నేరుగా కాకుండా పక్క నుంచి కొడితే నూగులో ఒక్కో వెంట్రుకా విడిగా కనబడింది. పొట్ట నేలకి ఆనించి పడుకుని తీశా, బట్టలకి మట్టయింది, ఫొటో మాత్రం ఈ సీజన్‌లో నాకు బాగా నచ్చినవాట్లో ఒకటి.

అదే సాయంత్రం ఉసిళ్ళు, అంటే రెక్కలొచ్చిన చెదపురుగులు, లేచాయి. వీధి లైటు కింద, మా వరండాలో, అన్నం గిన్నెలో, అంతటా అవే. రెక్కల చీమలకీ ఉసిళ్ళకీ తేడా ఫొటోలో తేలిగ్గానే తెలుస్తుంది, ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడుగు, మీసాలు తిన్నగా పూసలు గుచ్చినట్టు, నడుము సన్నం ఉండదు. చీమకి ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి, మీసం మోచేయిలా వంగి ఉంటుంది. ఎగరడం అయిపోయాక రెక్కలు రాల్చేసి రెండేసి జంటగా ఒకదాని వెనక ఒకటి నడుస్తయ్, కొత్త పుట్ట పెట్టుకోడానికి చోటు వెతుక్కుంటూ. ఆ జంటగా నడిచే ఫొటో కోసం నేల మీద పాకాల్సి వచ్చింది.

పునర్వసు కార్తె, జూలై మొదట్లో

కరివేపాకు పేజీ నిండిపోయింది. పొద్దున తొమ్మిది దాటాక ఒక నల్ల సీతాకోకచిలుక చెట్టు చుట్టూ తచ్చాడుతుంటే పక్కనే నిలబడి చూశా. ఆకు మీద వాలి ముందు కాళ్ళతో టకటకా తడుతుంది, రుచి చూస్తుందన్నమాట, వాటికి రుచి తెలిసేది కాళ్ళతో కూడా. ఇది కరివేపాకే అని ఖాయం చేసుకున్నాక లేత చిగురు మీద ఒక్క గుడ్డు పెట్టి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఇంకో చిగురు. గుడ్డు గుండ్రంగా లేత పసుపు, ఆవగింజ కంటే చిన్నది, క్లిప్ లెన్స్‌తో కూడా ఫ్రేమ్‌లో చిన్నగానే వచ్చింది.

కామన్ మార్మన్ అంటారు దీన్ని, శాస్త్రీయ నామం పాపిలియో పాలిటిస్. గుడ్డులోంచి వచ్చిన పురుగు ముందు ఆ గుడ్డు పెంకునే తింటుంది. చిన్నప్పుడు గోధుమ రంగు మీద తెల్ల మరకతో అచ్చం పిట్ట రెట్టలాగే ఉంటుంది, పిట్టలు దాని జోలికి పోవు, నేను కూడా రోజూ రెట్టలన్నీ వంగి వంగి చూడాల్సి వస్తోంది. చివరి దశకి వచ్చాక ఒక్కసారిగా ఆకుపచ్చ అయిపోతుంది. దాన్ని కదిలిస్తే తల వెనక నుంచి ఎర్రగా రెండు కొమ్ములు బయటకి తన్ని, ఘాటు వాసన కొడుతుంది. ఆ కొమ్ముల ఫొటో కోసం పదేపదే పుల్లతో పొడిచేవాళ్ళని చూశా, వద్దండి, పురుగుకి అది ఖర్చుతో కూడిన పని, నేను నీళ్ళు పెడుతుంటే కొమ్మ కదిలి కొమ్ములు బయటికొచ్చినప్పుడు దొరికిందే ఉంచుకున్నా.

అసలు కథ ఆడ సీతాకోకచిలుకది. మగది నల్లగా, వెనక రెక్కల మీద తెల్ల మచ్చల వరుసతో ఉంటుంది. ఆడవాట్లో కొన్ని మగదాన్లాగే ఉంటే కొన్ని కామన్ రోజ్ అనే వేరే సీతాకోకచిలుక వేషం వేస్తయ్, ఇంకొన్ని క్రిమ్సన్ రోజ్ వేషం. ఆ రోజ్ జాతులు విషపు మొక్కలు తిని పెరుగుతయ్ కాబట్టి పిట్టలు వాటిని ముట్టవు, ఆ పేరు చెప్పుకుని మన మార్మన్ బతికిపోతుంది. ఈ వేషం మొత్తాన్ని నడిపించేది డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువని బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌కి చెందిన కృష్ణమేఘ్ కుంటే, ఆయన తోటి శాస్త్రవేత్తలు 2014లో నేచర్ పత్రికలో చూపించారు. ఆడ మగ తేడాల్ని నిర్ణయించే జన్యువే రెక్కల మీద ముగ్గు కూడా వేస్తుందంటే, అది కూడా మా కూరలోకి నాలుగు రెబ్బలు తుంపుకునే చెట్టు మీద జరుగుతుందంటే, నాకు అది చదివిన రోజు నిద్ర పట్టలేదు.

ఫొటోలో తేడా పట్టుకోవాలంటే రెక్కలు కాదు, ఒళ్ళు చూడాలి. రోజ్‌లకి ఒళ్ళు ఎర్రగా ఉంటుంది, మార్మన్‌కి నల్లగా. అందుకే సీతాకోకచిలుకల్ని పైనుంచి ఒకటి, రెక్కలు మూసినప్పుడు పక్కనుంచి ఒకటి తప్పకుండా తీస్తున్నా.

పుష్యమి కార్తె, జూలై చివర

జూలై చివర్లో నేషనల్ మాత్ వీక్ వస్తుంది, రాత్రిపూట ఎగిరే రెక్కపురుగుల్ని (మాత్‌లని) చూసి నమోదు చేసే వారం, 2012లో అమెరికాలో మొదలై ఇప్పుడు మన దగ్గర కూడా చాలామంది చేస్తున్నారు. అమావాస్య దగ్గర్లో చీకటి బాగుంటుందని చూసుకుని నాన్న పాత తెల్ల పంచెని బట్టల తీగ మీద ఆరేసి, వెనక అల్ట్రావయొలెట్ ట్యూబ్ పెట్టా. మామూలు పసుపు ఎల్ఈడీకి పెద్దగా రావు, అల్ట్రావయొలెట్‌కి వస్తయ్.

ఎనిమిదిన్నరకల్లా పంచె నిండా చిన్న చిన్న రెక్కలు. లేత గోధుమ రంగు ముందు రెక్కల మీద నల్ల చారలతో ఒకటి వాలింది, రెక్కలు ఎత్తితే పొట్ట ఎర్రగా, క్రియటోనోటస్ గాంగిస్. పొగాకు లద్దె పురుగు తల్లి రెక్కపురుగు కూడా వచ్చింది, మిరప రైతుల్ని ఏడిపించే పురుగు ఇదే, రెక్కల మీద తెల్ల గీతల అల్లిక ఎంత చక్కగా ఉంటుందో దగ్గర్నుంచి చూస్తేగానీ తెలియదు. గుడ్లని ముద్దగా పెట్టి తన ఒంటి నూగుతోనే కప్పేస్తుంది. పచ్చదోమలు, పేడపురుగులు, రెక్కల చీమలు, వాటికోసం కాచుకుని కూర్చున్న మా వరండా బల్లి, అన్నీ ఆ ఒక్క పంచె మీదే.

లైటు చుట్టూ ఎందుకు తిరుగుతయ్ అనేదానికి ఇంపీరియల్ కాలేజ్ లండన్ వాళ్ళు హైస్పీడ్ కెమెరాలతో తీసి 2024లో ఒక మంచి వివరణ ఇచ్చారు. పురుగులు ఎగిరేటప్పుడు వెలుగున్న వైపు వీపు పెడతయ్, ఆకాశమే పైన ఉంటుందన్న లెక్కతో. మనం కింద బల్బు పెట్టేసరికి అటే వీపు తిప్పి, ఒరుగుతూ, గుండ్రంగా తిరుగుతూ చిక్కుకుపోతయ్. అంటే లైటు మీద మోజేం కాదు, పైన ఏదో కింద ఏదో తెలియక తిరుగుతున్నయ్. ఇది తెలిశాక లైటుని రెండు గంటలకి మించి ఉంచట్లేదు, ఆర్పేశాక పంచెని మెల్లిగా దులిపి చెట్లలో వదిలేస్తున్నా. వాటికి ఆ రాత్రి జత వెతుక్కునే పని, గుడ్లు పెట్టే పని ఉంటుంది.

ఆశ్లేష కార్తె, ఆగస్టు

పక్కింటి అత్తయ్యగారు గోడ మీంచి పిలిచారు. "అమ్మాయ్, మా నందివర్ధనం చూడు, కొమ్మలన్నీ బోడి అయిపోయినయ్, రేపు మందు కొట్టిస్తున్నా." ఒక్కసారి చూస్తా అత్తయ్యా అని వెళ్ళా. పైన ఆకుల్లో ఏం కనబడలేదు, కింద గచ్చు మీద మిరియం గింజ సైజులో ముదురాకుపచ్చ రెట్టలు, తడిగా, కొత్తవి. రెట్టలు ఎక్కడ పడ్డాయో దానికి సరిగ్గా పైన చూడాలి. చూస్తే వేలంత పొడుగున్న ఆకుపచ్చ గొంగళి పురుగు, పక్కన తెల్ల గీత, తోక దగ్గర చిన్న కొమ్ము, డాఫ్నిస్ నెరీ, ఒలియాండర్ హాక్ మాత్. గన్నేరు, నందివర్ధనం దాని తిండి.

కొమ్మ కదిలేసరికి తల లోపలికి లాక్కుంది, ముందు భాగం ఉబ్బి రెండు నీలి కళ్ళు తెరుచుకున్నయ్. నిజం కళ్ళు కావవి, బెదిరించడానికి ఒంటి మీద ఉన్న మచ్చలు, మధ్యలో తెలుపు, చుట్టూ నీలం, అంచున నలుపు. కెమెరా తెరలో చూపిస్తే అత్తయ్యగారు "అమ్మో, ఇది పామేంటే!" అని వెనక్కి జరిగి, మళ్ళీ దగ్గరకొచ్చి చాలాసేపు చూశారు. నందివర్ధనం ఆకులు పోయినా మళ్ళీ చిగురేస్తుంది, ఇవి ఇంకొన్ని రోజుల్లో దిగిపోతయ్ అని చెప్పా. మందు ఆగింది.

తర్వాత ఒక రోజు ఆవిడే కేకేశారు, "నీ పురుగు గోధుమ రంగుకి తిరిగింది, చచ్చిపోతుందేమో వచ్చి చూడు" అని. చచ్చిపోవట్లేదు, ప్యూపా అయ్యే ముందు ఆకుపచ్చ వదిలేసి గోధుమ రంగుకి మారతయ్, చెట్టు దిగి ఎండాకుల్లోకి పోవాలి కదా, నేల రంగులో ఉంటేనే క్షేమం. అది నడిచి నడిచి ఖాళీ కుండీ వెనక ఎండుటాకుల్లో దూరింది. ఆ కుండీని ఎవరూ కదపకుండా అత్తయ్యగారు పనమ్మాయికి కూడా చెప్పారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే రెట్టలు వెతికి నాకు చెప్పేది ఆవిడే.

మఖ, పుబ్బ కార్తెలు

వంగ, బొబ్బర్లు. రెండిటి మీదా అక్షింతల పురుగులే (లేడీబర్డ్ బీటిల్స్), పని మాత్రం పూర్తిగా వేరు. వంగ ఆకు మీదున్నది ఆకు తినేది, హెనోసెపిలాక్నా, వీపు మెరవదు, సన్నటి నూగుంటుంది, చుక్కలు చాలా ఉంటయ్, దాని పిల్లలు పసుపు రంగులో ఒళ్ళంతా కొమ్మలు కొమ్మలుగా ముళ్ళతో ఉండి ఆకుని ఈనెలు మిగిలేలా గీకేస్తయ్. బొబ్బర్ల తీగ మీద నల్లటి పేనుబంకని తింటున్నది వేరేది, కైలోమెనిస్ సెక్స్‌మాక్యులేటా, నున్నగా మెరుస్తుంది, నారింజ మీద నల్ల వంకర గీతలు. దాని పిల్లేమో బుల్లి మొసలి, ఆరు కాళ్ళతో తీగ మీద నడుస్తూ దొరికిన పేనునల్లా నమిలేస్తుంది. దాన్ని చూసి పాపం చాలామంది ఇదే పురుగనుకుని మందు కొట్టేస్తారు. మీ తీగ మీద అట్లాంటిది కనబడితే వదిలేయండి, దయచేసి.

అదే తీగ మీద చీమలు కూడా ఉన్నయ్, పేనుబంక వదిలే తియ్యటి బంక కోసం. అక్షింతల పురుగు దగ్గరకి వస్తే తరిమేస్తున్నయ్. ఆకు అడుగున సన్నటి దారాల చివర తెల్ల గుడ్లు కనబడ్డయ్, అల్లిక రెక్కల పురుగువి (లేస్‌వింగ్), అది కూడా పేనుబంక తినేదే. ఒక జానెడు తీగ ముక్క దగ్గర అరగంట కూర్చుంటే తినేది, కాపలా కాసేది, దోచుకునేది అన్నీ ఒకే ఫ్రేమ్‌లో దొరికినయ్. వారం తిరక్కుండానే పేనుబంక బాగా పల్చబడింది, అమ్మ చూసి ఏం అనలేదు, కాయలు మాత్రం కోసుకుంది.

ఉత్తర కార్తె, సెప్టెంబర్

వంగ పువ్వుల మీద బ్లూ బాండెడ్ బీ. పొట్ట మీద నీలి పట్టీలున్న బొద్దు తేనెటీగ, అమెగిల్లా. వంగ, టమాటా పువ్వుల్లో పుప్పొడి గొట్టాల్లో ఉంటుంది, చివర చిన్న రంధ్రమే దారి. ఈ తేనెటీగ పువ్వుని పట్టుకుని రెక్కలు కదపకుండా రెక్కల కండరాల్ని మాత్రం అదిరిస్తుంది, జుయ్‌మని చప్పుడు మారుతుంది, పుప్పొడి జలజలా రాలుతుంది. మామూలు తేనెటీగలకి ఈ విద్య రాదు. చప్పుడు మారిన క్షణంలో నొక్కితే పుప్పొడి రాలడం ఫొటోలో వచ్చింది, చెవితో తీసిన ఫొటో అది.

పగలు ఇది ఒక్కచోట ఆగదు, అందుకని సాయంత్రం ఎక్కడికి పోతుందో చూశా. తులసికోట పక్కన ఎండిపోయిన తులసి పుల్లని దవడలతో కరిచి పట్టుకుని, కాళ్ళు ముడుచుకుని నిద్రపోతుంది, ఒక్కటి కాదు, వరుసగా. రోజూ అదే పుల్ల. అమ్మ ఆ ఎండు పుల్లల్ని పీకేద్దామంటే ఆపేశా. తెల్లారి ఐదున్నరకి వెళ్తే ఇంకా కదల్లేదు, పురుగుల ఒంటి వేడి బయటి గాలిని బట్టే ఉంటుంది కాబట్టి చల్లగా ఉన్నంతసేపు అట్లాగే ఉంటయ్, నీలి పట్టీల మీద మంచు బిందువులతో సహా తీసుకోవచ్చు. ఎండ పడగానే ఛాతీలోని రెక్కల కండరాల్ని వణికించి వేడెక్కి, మీసాలు దులుపుకుని ఎగిరిపోయినయ్. ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి తీసే పద్ధతి కొందరు చెప్తారు, తెల్లవారుజామున లేస్తే ఆ పాపం అక్కర్లేదు.

హస్త కార్తె, సెప్టెంబర్ చివర

ఫొటోలన్నీ ఐనాచురలిస్ట్‌లో, అంటే ఫొటో పెడితే తెలిసినవాళ్ళు జీవి పేరు చెప్పే వెబ్‌సైట్‌లో, ఎక్కించడం నడుస్తోంది. ఒక్కో పురుగుకి పైనుంచి, పక్కనుంచి, ముఖం, ఇంకా అది కూర్చున్న మొక్క ఆకు, ఈ నాలుగూ కలిపి పెడితే పేరు చెప్పేవాళ్ళు త్వరగా చెప్తున్నారు, ఒక్క ఫొటో పెడితే కుటుంబం (దగ్గరి జాతుల గుంపు) దగ్గరే ఆగిపోతుంది. ఇంటి లొకేషన్ కనబడకుండా అబ్‌స్క్యూర్డ్ అని పెట్టుకునే వీలుంది, అది వాడుతున్నా. కరివేపాకు గొంగళి ఒంట్లో పెరిగి బయటికొచ్చిన బుల్లి కందిరీగల్ని మాత్రం జాతి దాకా తేల్చాలంటే రెక్క ఈనెలూ మీసం కణుపులూ మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టాలి, వాటిని కుటుంబం పేరుతోనే వదిలేశా.

తర్వాతి పని, కామన్ రోజ్‌ని పెరట్లోకి రప్పించడం. దాని పిల్లలకి ఈశ్వరి తీగ కావాలి, నర్సరీలో చెప్పి తెప్పించా, ప్రహరీ వారన సగం ఎండ తగిలేచోట పాతి తాడు కట్టా. నూరువరహాలు ఎటూ పూస్తున్నయ్, మార్మన్ ఆడవి రోజూ వస్తున్నయ్. అసలుదీ వేషం వేసిందీ ఒకే గుత్తి మీద వాలితే ఎర్ర ఒళ్ళూ నల్ల ఒళ్ళూ పక్కపక్కన పెట్టి తీయాలి, ఆ ఫొటో దొరికిన రోజున ఇక్కడే పెడతా.